అడ్రస్ జూబ్లీహిల్స్, ఓటు ఖైరతాబాద్: ఈ సీటు కథ ఏందంటే

తమ్ముడు అడిగినవి రెండు. ఒకటి, "మా ఇల్లు జూబ్లీహిల్స్‌ల, కరెంటు బిల్లు మీద కూడా అదే ఉంటది, ఓటరు కార్డు మీద మాత్రం ఖైరతాబాద్ అని వచ్చింది, తప్పు పడ్డదా, మార్పించుకోవాల్నా?" రెండోది, "ఖైరతాబాద్ కాంగ్రెస్ కంచుకోట అని మా ఆఫీసుల పెద్దోళ్లు అంటరు, మరి 2014ల బీజేపీ, 2018ల టీఆర్ఎస్, 2023ల బీఆర్ఎస్ గెలిస్తే అది ఎవరి కోట? జూబ్లీహిల్స్ బై ఎలక్షన్‌ల పాత ఎమ్మెల్యే పీజేఆర్ పేరు ఎందుకు ఎత్తిన్రు?"

మొదటిదానికి జవాబు చిన్నది. కార్డు కరెక్టే, మార్పించుకోకు. జూబ్లీహిల్స్ అనే డివిజన్‌ల ఎక్కువ భాగం జూబ్లీహిల్స్ అసెంబ్లీ నియోజకవర్గంల లేదు, ఖైరతాబాద్‌ల ఉంది. నవ్వొస్తది గాని నిజం. జూబ్లీహిల్స్ సీటు అంటే యూసుఫ్‌గూడ, బోరబండ, రహ్మత్‌నగర్, ఎర్రగడ్డ, వెంగళరావునగర్, షేక్‌పేట, సోమాజిగూడల కొంత. టీవీల పెద్ద బంగ్లాలు చూపించి "జూబ్లీహిల్స్ ఎవరిది" అని మాట్లాడేటోళ్లల్ల సగం మందికి ఆ బంగ్లాల ఓటు అక్కడ లేదని తెల్వదు.

రెండోదానికి జవాబు పెద్దది. నేను చింతల్ బస్తీల పుట్టి పెరిగినోన్ని, 1985 నుంచి 2014 దాకా దాదాపు ప్రతి ఎలక్షన్‌ల పోలింగ్ ఏజెంట్‌గనో, బయట స్లిప్పులు రాసే టేబుల్ కాడనో కూసున్న. ఏ పార్టీకి అనేది చెప్పనులే, చదువుతుంటే నీకే తెలుస్తది.

ముందు ఒకటి బుర్రకెక్కించుకో. ఇప్పుడు నువ్వు చూస్తున్న ఖైరతాబాద్, పెద్దోళ్లు కంచుకోట అనే ఖైరతాబాద్, రెండూ ఒకటి కాదు. పేరొక్కటే. కుతుబ్‌షాహీల కాలంల ఖైరున్నీసా బేగం అనే రాజకుమారి పేరు మీద ఈ ఊరికి ఆ పేరొచ్చింది, అది నాలుగొందల ఏండ్ల కింది ముచ్చట. నియోజకవర్గం సంగతికొస్తే 2009కి ముందు ఖైరతాబాద్ అంటే మా చింతల్ బస్తీ, ఆనంద్‌నగర్, రాజ్‌భవన్ పక్కన ఎమ్మెస్ మక్తా, పంజాగుట్ట, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, యూసుఫ్‌గూడ, బోరబండ, అక్కడ్నుంచి పోతే కూకట్‌పల్లి, మాదాపూర్, శేరిలింగంపల్లి. అంటే హుస్సేన్‌సాగర్ కట్ట కాడ మొదలుపెడితే ఇయ్యాల ఐటీ కంపెనీలున్న రాళ్ల గుట్టల దాకా ఒక్కడే ఎమ్మెల్యే. రాష్ట్రంలనే పెద్ద సీట్లల్ల ఒకటి. ఒక క్యాండిడేట్ పొద్దున జీపెక్కి ప్రచారం మొదలుపెడితే ఒక మూల నుంచి ఇంకో మూలకు పోయేసరికి మధ్యాహ్నం అయితుండె.

అంత పెద్దగ ఎట్లయ్యిందంటే, నియోజకవర్గాల పాత హద్దు గీతలు 1971 జనాభా లెక్క మీద గీసినవి. ఎమర్జెన్సీల 42వ సవరణ తెచ్చి సీట్ల లెక్కను ఫ్రీజ్ చేసిన్రు. ఆ గీతలు గీసినప్పుడు కూకట్‌పల్లి దిక్కు చెరువులు, పొలాలు, అక్కడక్కడ ఫ్యాక్టరీలు. తర్వాత హౌసింగ్ బోర్డు కాలనీ వచ్చింది, జిల్లాలకెళ్లి, ఆంధ్రాకెళ్లి జనం వచ్చి ఇండ్లు కట్టుకున్నరు, 1998ల హైటెక్ సిటీ సైబర్ టవర్స్ తెరిచిన్రు, గీతలు మాత్రం అట్లనే ఉన్నయి. అదే టైముల పాతబస్తీల ఒక సీటుల ఎన్ని ఓట్లున్నయో మా దిక్కు ఒక్క మూలల అన్ని ఓట్లు పుట్టుకొచ్చినయి.

ఇగ పీజేఆర్. పి. జనార్దన్ రెడ్డి. కార్మిక సంఘాల నుంచి వచ్చినోడు. సనత్‌నగర్, బాలానగర్ దిక్కు ఫ్యాక్టరీలు నడుస్తున్న రోజులు అవి, యూనియన్ లీడర్ అంటే షిఫ్టు దిగిన కార్మికుడు సైకిల్ మీద ఇంటికొచ్చి కష్టం చెప్పుకునేంత దగ్గర. 1978ల మొదటిసారి గెలిచిండు, 1983ల ఎన్టీఆర్ గాలికి సీటు పోయింది, 1985ల మళ్లా తెచ్చుకున్నడు. 1985 అంటే గుర్తు పెట్టుకో, 1984ల నాదెండ్ల భాస్కరరావు ఎన్టీఆర్‌ను గద్దె దించిన ఎపిసోడ్ తర్వాత ఎన్టీఆర్ మీద సానుభూతి ఊరూరా పొంగిన ఎలక్షన్, అందుల కాంగ్రెసోడు సిటీల గెలవడం ఆషామాషీ కాదు. 1989ల మళ్లా గెలిచి మంత్రి అయ్యిండు. అదే ఎలక్షన్‌ల పక్క సీటు సనత్‌నగర్ నుంచి మర్రి చెన్నారెడ్డి గెలిచి ముఖ్యమంత్రి అయ్యిండు, అందుకని ఆ ఏడాది మా దిక్కు లీడర్లకు నడక కూడా మారింది, అది వేరే ముచ్చట.

1994 కౌంటింగ్ నాకు ఇప్పటికీ కండ్ల ముందు ఉంటది. అప్పుడు మిషన్లు లేవు, బ్యాలెట్ పేపర్లే, స్వస్తిక్ ముద్ర గుద్ది మడిచి పెట్టెల వేసేది. కౌంటింగ్ హాల్ల జాలీకి ఇవతల మేము, అవతల టేబుల్ మీద పెట్టె బోర్లిస్తే కాగితాలు కుప్ప పడుతుండె, ఒక్కొక్కటి విప్పి చూపించి కట్టలు కట్టేది. ముద్ర రెండు గుర్తుల మధ్యన పడ్డదంటే ఇగ అరగంట పంచాయితీ. రేడియోల జిల్లాల రిజల్టు చెప్తుంటే ఒక్కొక్కటే కాంగ్రెస్ ఓటమి, మా పక్కన కూసున్న ముసలాయన ప్రతి వార్తకు తల కొట్టుకుంటుండె. రాష్ట్రం మొత్తంల 294కి 26 సీట్లు వచ్చినయి కాంగ్రెస్‌కు. మా టేబుల్ మీద మాత్రం బస్తీ పెట్టెలు విప్పుతుంటే చెయ్యి గుర్తు కట్టలు పెరుగుతనే ఉన్నయి. గెలిచినంక పీజేఆర్‌నే సీఎల్పీ లీడర్, అంటే అసెంబ్లీల కాంగ్రెస్ ఎమ్మెల్యేల నాయకున్ని చేసిన్రు. పదో వంతు సీట్లు కూడా లేవు కాబట్టి ప్రతిపక్ష హోదాకు సరిపడా బలం లేకుండె, అయినా అసెంబ్లీల నిలబడి గొంతు లేపింది ఆయనే.

ఇప్పుడు నీ ప్రశ్నకు అసలు కీలకం ఇక్కడ ఉంది. ఆ బస్తీ పెట్టెలల్ల పడ్డయి కాంగ్రెస్ ఓట్లు అని నేను ఏనాడూ అనుకోలే. అవి పీజేఆర్ ఓట్లు. పొద్దున ఆయన ఇంటి ముందటికి పోతే నల్లా రాని గల్లీ ఆడోళ్లు, పట్టా కావాలన్నోడు, స్టేషన్‌ల కొడుకు ఉన్నోడు, దవాఖానల బెడ్ దొరకనోడు, అందరు ఒక్క కాడ నిలబడుతుండె. లుంగీ మీదనే బయటికొచ్చి ఒక్కొక్కల్ని పేరు పెట్టి పిలుస్తుండె. అయ్యే పని అయితది, కాని పనికి కూడా ఫోన్ అయితే చేస్తుండె. జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడి ఇయ్యాల అంత పెద్దగ ఉన్నదంటే దాని ఎనక ఉన్నది కూడా ఆయనే. ఆదివారం ఆ గుడి కాడ యాట పట్టుకొని వచ్చేటోళ్లల్ల ఎంతమంది ఆయన ఓటర్లో లెక్క తీస్తే కంచుకోట అంటే ఏందో తెలుస్తది.

మరి అట్లాంటి మనిషి 1999ల ఎందుకు ఓడిండు అంటవా? చాలామంది "కార్గిల్, వాజ్‌పేయి, టీడీపీ బీజేపీ పొత్తు" అని ఒక్క మాటల తేల్చేస్తరు. అది ఉంది, కాదనను. కానీ నా లెక్కల పెద్ద కారణం ఇంకోటి. నియోజకవర్గం కింద నేలనే మారిపోయింది. పీజేఆర్ బలం బస్తీలల్ల, ఫ్యాక్టరీలల్ల. తొంబైలల్ల ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతుంటే అటు దిక్కు అపార్ట్‌మెంట్లు లేస్తున్నయి. అపార్ట్‌మెంటోనికి నల్లా కోసం ఎమ్మెల్యే ఇంటికి పోయే పని లేదు, బోరు ఉంది, ట్యాంకర్ ఉంది. వానికి కావాల్సింది రోడ్డు, ఫ్లైఓవర్, ఉద్యోగం. చంద్రబాబు సరిగ్గా అదే అమ్మిండు, క్యాండిడేట్‌గ తెచ్చింది కూడా అట్లాంటోన్నే, మాజీ సీబీఐ డైరెక్టర్ కె. విజయరామారావును. ఆ మాట బస్తీల పెద్దగ ఎక్కలే గాని కాలనీలల్ల మస్తు ఎక్కింది. చదువుకున్నోడు, పెద్ద ఆఫీసర్, లంచగొండుల్ని పట్టుకున్నోడు అని. గెలిచిండు, మంత్రి అయ్యిండు. ఆయన పనిమంతుడు కాదని నేను అనను, కానీ గల్లీల తిరిగే మనిషి కాదు, మా బస్తీ ఆడోళ్లు ఐదేండ్ల తర్వాత కూడా ఆయన్ని "ఆ సీబీఐ సారు" అనే అన్నరు, పేరు నోటికి రాలే. 2004ల పీజేఆర్ తిరిగొచ్చిండు.

కానీ తిరిగొచ్చిన పీజేఆర్‌కు మంత్రి పదవి రాలే. వైఎస్ కేబినెట్‌ల ఆయన పేరు లేదు. ఆయన కూడా ఊకె కూసోలే, శ్రీశైలం నీళ్లను రాయలసీమకు మళ్లించే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్‌ను 11 వేల క్యూసెక్కుల నుంచి 44 వేలకు పెంచుతుంటే సొంత పార్టీ ప్రభుత్వం మీదనే గట్టిగ లేచిండు. సిటీ ఎమ్మెల్యే శ్రీశైలం నీళ్ల గురించి కొట్లాడుడు ఏందని అప్పుడు కొంతమంది నవ్విన్రు. తర్వాత తెలంగాణ ఉద్యమంల ప్రతి మీటింగ్‌ల పోతిరెడ్డిపాడు పేరు వచ్చినంక ఆ నవ్విన్నోళ్లు కనపడలే. 2007 డిసెంబర్ 28న గుండెపోటుతో పోయిండు. ఆ రోజు మా బస్తీల చాలా ఇండ్లల్ల పొయ్యి వెలగలే, ఇది నేను చూసి చెప్తున్న. 2008 బై ఎలక్షన్‌ల కొడుకు విష్ణువర్ధన్ రెడ్డి గెలిచిండు. పాత ఖైరతాబాద్‌కు ఆఖరి ఎమ్మెల్యే ఆయనే.

ఎందుకంటే 2009కి కొత్త గీతలు వచ్చినయి. జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ 2001 జనాభా లెక్కల మీద డీలిమిటేషన్ చేసింది. రాష్ట్రం మొత్తం 294 అట్లనే ఉంది గాని లోపల అంతా మారింది, హైదరాబాద్ జిల్లాకు 13 ఉన్నవి 15 అయినయి. హిమాయత్‌నగర్, ఆసిఫ్‌నగర్, మహరాజ్‌గంజ్ సీట్లు పేరు లేకుండ పోయినయి. మా పాత ఖైరతాబాద్‌ను నాలుగు ముక్కలు చేసిన్రు అనుకో: కొత్త ఖైరతాబాద్, జూబ్లీహిల్స్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి. దాంతోని తమాషా ఏమయ్యిందంటే కొండల మీది బంగ్లాలు మాతో ఉండిపోయినయి, కొండ కింది బస్తీలు జూబ్లీహిల్స్ అనే పేరు పెట్టుకొని వేరే పోయినయి. నీ ఓటరు కార్డు కథ ఇదే.

2009 పోలింగ్ రోజు స్లిప్పుల టేబుల్ కాడ నేను పడ్డ తిప్పలు అంతా ఇంతా కాదు. లిస్టు కొత్తది, పార్ట్ నంబర్లు కొత్తయి, తాత స్లిప్పు ఒక బూత్‌ల, మనవడి స్లిప్పు ఇంకో బూత్‌ల. మధ్యాహ్నం ఎండల ఒక అవ్వ వచ్చింది, చేతిల పాత కార్డు, కొంగుల ముడేసుకున్నది విప్పి టేబుల్ మీద పెట్టి "బిడ్డా, పీజేఆర్ కొడుకుకు వెయ్యాలె, ఎన్నో నంబర్ చెప్పు" అన్నది. అవ్వా ఆయన ఇక్కడ లేడు, జూబ్లీహిల్స్‌ల నిలబడ్డడు, ఇక్కడ దానం నాగేందర్ అంటే, "మరి చెయ్యి గుర్తే కదా" అన్నది. అవునన్న. కొంచెంసేపు అట్లనే నిలబడి, "చెయ్యి గుర్తు సరే, మనిషి ఏడి" అన్నది. ఓటు వేసిందో లేదో తెల్వదు గాని ఆ మాట మాత్రం నాకు అట్లనే ఉండిపోయింది.

దానం నాగేందర్ ఎక్కడ్నుంచి వచ్చిండంటే ఆసిఫ్‌నగర్ నుంచి. 1994, 1999ల కాంగ్రెస్ టికెట్ మీద అక్కడ గెలిచిండు, 2004ల టికెట్ రాకపోతే టీడీపీల చేరి గెలిచిండు, గెలిచినంక రాజీనామా చేసి మళ్లా కాంగ్రెస్‌కు వచ్చిండు, బై ఎలక్షన్‌ల మజ్లిస్ చేతిల ఓడిండు. డీలిమిటేషన్‌ల ఆ సీటే పోయింది కాబట్టి 2009ల మా దిక్కు వచ్చి గెలిచి మంత్రి అయ్యిండు. 2014ల బీజేపీ నుంచి చింతల రామచంద్రారెడ్డి 20 వేల పైన మెజారిటీతో ఓడగొట్టిండు. దాన్ని బీజేపీ కోట అనుకోవద్దు, అప్పుడు టీడీపీ బీజేపీ పొత్తు, మోదీ గాలి, తెలంగాణ ఇచ్చినా కాంగ్రెస్ మీద కోపం, కొండ మీది ఓటు మొత్తం ఒక దిక్కు పడింది. అదే ఎలక్షన్‌ల సిటీ చుట్టూ టీడీపీ, బీజేపీ ఎన్ని గెలిచినయో చూడు, జూబ్లీహిల్స్, సనత్‌నగర్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి అన్నీ సైకిలే. తర్వాత ఆ సైకిలోళ్లు ఒక్కొక్కలు కారెక్కిన్రు. 2018ల దానం కూడా కారెక్కి 28 వేల పైన మెజారిటీతో గెలిచిండు, 2023ల మళ్లా గెలిచిండు, ఈసారి ఓడింది ఎవరనుకున్నవ్, కాంగ్రెస్ టికెట్ మీద నిలబడ్డ పీజేఆర్ బిడ్డ విజయారెడ్డి. 2024 మార్చిల దానం మళ్లా కాంగ్రెస్‌కు పోయి సికింద్రాబాద్ ఎంపీకి నిలబడి కిషన్ రెడ్డి మీద ఓడిండు. ఇప్పుడు చెప్పు, ఇది ఏ పార్టీ కోట? మా గల్లీల ఒకడు ఇంటి గోడ మీద పార్టీ బొమ్మ వేయించుకొని నాలుగుసార్లు సున్నం కొట్టిండు, ఐదోసారి పెయింటర్‌కు "ఊకె మనిషి బొమ్మ వెయ్యి, గుర్తు ఖాళీ వదిలెయ్" అన్నడు.

పీజేఆర్ ఇంట్ల కూడా అదే కథ. 2023 ఎలక్షన్ల టైముకు బిడ్డ కాంగ్రెస్‌ల, టికెట్ రాలేదని కొడుకు బీఆర్ఎస్‌ల.

మిగతా ముక్కల సంగతి తొందరగ చెప్తా. కూకట్‌పల్లి 2009ల లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణను గెలిపించింది, రాష్ట్రం మొత్తంల ఆ పార్టీకి వచ్చింది ఆ ఒక్క సీటే. అపార్ట్‌మెంట్ ఓటు గురించి నేను పైన చెప్పింది అక్కడ కండ్లకు కనపడ్డది. తర్వాత మాధవరం కృష్ణారావు, శేరిలింగంపల్లిల అరెకపూడి గాంధీ, ఇద్దరూ సైకిల్ మీద మొదలుపెట్టి కారు మీద కొనసాగినోళ్లే.

జూబ్లీహిల్స్ మాత్రం కొంచెం ఆగి చెప్పాలె. 2009ల విష్ణువర్ధన్ రెడ్డి గెలిచిండు, ఎందుకంటే తండ్రి బస్తీలు ఎక్కువ ఆ ముక్కలనే పడ్డయి. 2014ల టీడీపీ మాగంటి గోపీనాథ్ గెలిస్తే రెండో స్థానంల వచ్చింది కాంగ్రెస్ కాదు, మజ్లిస్ నుంచి నిలబడ్డ నవీన్ యాదవ్, తేడా 9,242. 2018ల గోపీనాథ్ టీఆర్ఎస్ టికెట్ మీద, 2023ల బీఆర్ఎస్ టికెట్ మీద గెలిచిండు, ఆఖరిసారి కాంగ్రెస్ అజారుద్దీన్‌ను 16,337 ఓట్లతో ఓడగొట్టి. ఆ 2023ల రాష్ట్రంల కాంగ్రెస్ 64 సీట్లతో ప్రభుత్వం పెట్టింది గాని హైదరాబాద్ జిల్లా 15 సీట్లల్ల ఒక్కటి కూడా రాలే. బీఆర్ఎస్ 7, మజ్లిస్ 7, గోషామహల్ బీజేపీది. అందుకే 2025 జూన్‌ల గోపీనాథ్ చనిపోయినంక వచ్చిన బై ఎలక్షన్‌కు అంత ఊపు. బీఆర్ఎస్ ఆయన భార్య సునీతను నిలబెట్టింది, కాంగ్రెస్ అదే నవీన్ యాదవ్‌ను తెచ్చింది, పదకొండేండ్ల కింద మజ్లిస్ టికెట్ మీద రెండో స్థానంల వచ్చినోన్ని, ఈసారి మజ్లిస్ మద్దతుతోని. పోలింగ్‌కు పదకొండు రోజుల ముందర అజారుద్దీన్‌ను మంత్రిని చేసిన్రు. బోరబండ, యూసుఫ్‌గూడ బస్తీల పీజేఆర్ పేరు ఎత్తింది ఎందుకంటే ఆ ఇండ్లల్ల ఆయన ఫోటో ఇంకా గోడ మీద ఉంది, అంతే. నవంబర్ 14న 24,729 మెజారిటీతో నవీన్ యాదవ్ గెలిచిండు. బీజేపీకి డిపాజిట్ పోయింది.

కానీ ఇంకో లెక్క చూడు. 4 లక్షల ఓట్లున్న సీటుల, రాష్ట్రం మొత్తం మంత్రులు గల్లీలల్ల తిరిగినా సగం మంది కూడా ఓటు వెయ్యలే. 2020 జీహెచ్ఎంసీ ఎలక్షన్‌ల సిటీ అంతా కలిపి నూటికి 46 మందే. నేను కూసున్న బూత్‌లల్ల ఇది ప్రతిసారి చూసిన, పదింటికల్లా బస్తీ లైన్ గోడ మలుపు దాటుతది, కొండ మీది బూత్‌ల మధ్యాహ్నం మేము తెచ్చుకున్న పులిహోర పొట్లం విప్పి తినేదాకా పోలింగ్ ఆఫీసర్‌కు చేతినిండ పని ఉండదు. కోట అంటే ఇంకేంది, వచ్చి నిలబడేటోళ్లే. వాళ్లను ఎవడు లేపుకొస్తడో వానిదే ఆ ఐదేండ్లు. పీజేఆర్‌కు అది ఫోన్ లేకుండనే అయితుండె, ఇప్పటోళ్లకు గల్లీకి ఇరవై మంది, వాట్సాప్ గ్రూపులు, డబ్బులు కావాలె.

ఇంకా మారేది ఉంది. విభజన చట్టంల తెలంగాణ సీట్లు 119 నుంచి 153కు పెంచాలని రాసి ఉంది, అది ఇంకా అమలు కాలే, కొత్త జనాభా లెక్కలు, కొత్త డీలిమిటేషన్ అయినంక మా దిక్కు ఇంకెన్ని ముక్కలు అయితదో. అప్పుడు నీ కార్డు మీద నిజంగనే జూబ్లీహిల్స్ అని పడొచ్చు. అప్పటిదాకా నీ ఓటరు కార్డు మీదుండే ఎపిక్ నంబర్ కొట్టి పార్ట్ నంబర్, బూత్ ఏదో ఒకసారి చూసుకో, పోలింగ్ రోజు పొద్దున టేబుల్ కాడికి వచ్చి "అన్నా, నా పేరు జూబ్లీహిల్స్ లిస్టుల లేదు" అని లొల్లి పెట్టేటోళ్లను నేను చాలామందిని చూసిన.